మధ్య గోడ

కర్నూలులో గానీ కడపలో గానీ 1980ల్లో కట్టిన ఇల్లు ఒకటి మనసులో పెట్టుకుందాం. ఉత్తరం వాకిలి. ముందర ఇనుప గ్రిల్లు బిగించిన వరండా. లోపలికి అడుగుపెడితే పన్నెండడుగుల హాలు. దాని వెనక ఒక నడిమి గది. పేరుకు అది భోజనాల గది. ఉండేవి మాత్రం బియ్యం మూటలు, కుట్టుమిషను, ఇస్త్రీకి పోవాల్సిన బట్టలు, పండక్కి తప్ప కిందికి దిగని ఇత్తడి గంగాళం. దానికి అవతల, ఆగ్నేయ మూలన వంటిల్లు. అటూ ఇటూ పక్కిళ్ల గోడలు ఆనుకునే ఉంటాయి కాబట్టి, పగలు పదకొండు గంటలకు కూడా నడిమి గదిలో లైటు వేయందే సూదిలోకి దారం ఎక్కదు.

బెంగుళూరులో ఉద్యోగం చేసే కొడుకు సెలవులకు వచ్చి, ఫోనులో నాలుగు ఫోటోలు చూపించి, "నాయనా, ఈ రెండు గోడలూ తీసేస్తే హాలూ వంటిల్లూ ఒకటైపోతాయి, ఇల్లు ఎంత పెద్దగా కనపడుతుందో చూడు" అంటాడు. నాయన మేస్త్రీని పిలిపిస్తాడు. మేస్త్రీ సుత్తెతో గోడను రెండుసార్లు తట్టి, చెవి ఆనించి, "తీసేయొచ్చు సార్, ఏం గాదు" అంటాడు. అసలు అడగాల్సిన మాట అమ్మ అడుగుతుంది: "గోడ తీసేస్తే నా గూళ్లు యాడికి పోతాయిరా?"

ఓపెన్ కిచెన్ అనే మాట ఇప్పుడు రాయలసీమ పట్నాల్లో మేస్త్రీల నోట కూడా మామూలైపోయింది. కొత్త అపార్ట్‌మెంట్లలో దానితో పేచీ లేదు, కట్టేటప్పుడే అలా కడతారు. చిక్కంతా పాత ఇంటిని అలా మార్చాలనుకున్నప్పుడే. గోడ పడగొట్టడం ఒక పూట పని. ఆ గోడ ఇన్నేళ్లుగా నోరు మెదపకుండా చేస్తూ వచ్చిన పనులు ఎన్నో, అవి ఇకమీదట ఎవరి నెత్తిన పడతాయో తెలియడానికి మాత్రం ఒక ఎండాకాలం, ఒక పండగ, ఒక పరీక్షల సీజను గడవాలి.

గదులు లేని ఇల్లు సీమకు కొత్తేమీ కాదు. మట్టి మిద్దెలో పుట్టి పెరిగినవాళ్లు ఇంకా ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. రాయీ మట్టీ పెట్టి మూరెడు మందాన గోడలు లేపేవారు. వాటి మీద వేపదో తుమ్మదో దూలం, దూలాల మీద దంతెలు, దంతెల మీద కట్టెలో నాపబండలో, వాటి మీద ఆకూ కంపా, ఆ పైన మన్ను, అన్నిటికీ పైన చౌడు. ఏటా తొలకరికి ముందు మిద్దెనెక్కి కొత్త చౌడు పరిచేవారు. ఉప్పు పట్టిన ఆ మన్ను తడవగానే మెత్తబడి సందులన్నీ పూడ్చుకుంటుంది, నీటిని కిందికి దిగనివ్వదు. ఒక్క ఏడు బద్ధకిస్తే మాత్రం మిద్దె ఉరిసేది, ఇల్లంతా గిన్నెలు పరచాల్సి వచ్చేది.

అటువంటి ఇంట్లో అడ్డుగోడలు ఒకటో రెండో. వాకిలి దాటగానే పడసాల. ఒక పక్క గాటిపాట, అక్కడ ఎద్దులు, వాటి ముందు గాడి. ఇంకో పక్క కాస్త ఎత్తు చేసిన నేల, మనుషులు పడుకునేది అక్కడ. గోడవారన దొంతులు, లోపలి మూలన పొయ్యి. రాత్రిపూట ఎద్దు మెడలోని గంట చప్పుడు మారితే లేచి చూసుకునేంత దగ్గరలో రైతు నిద్రపోయేవాడు. పొయ్యి, మంచం, పశువు, గింజలు అన్నీ ఒకే కప్పు కింద, ఒకే చూపులో. ఫోనులోని ఫోటోలు చూపించే కొడుక్కి ఇది చెబితే నవ్వుతాడు గానీ, వాళ్ల జేజినాయన పుట్టింది అచ్చంగా ఓపెన్ ప్లాను ఇంట్లోనే.

మరి పొగ సంగతో? దానికి గవాచి ఉండేది. మిద్దెకు చేటంత కన్నం పెట్టి, చుట్టూ చిన్న గట్టు కట్టి వదిలేసేవారు. వాన మబ్బు కనపడితే ఎవరో ఒకరు పైకెక్కి బండో రేకో మూసి రావాలి. పొయ్యి మీది పొగ, మనుషుల వేడి, పశువుల ఆవిరి అన్నీ పైకెక్కి గవాచిలోంచి పోయేవి. మధ్యాహ్నం అందులోంచి పడిన వెలుగు నేల మీద ఏ మూలకు జరిగిందో చూసి, పొలం నుంచి వచ్చేవాళ్లకు సంగటి కెలికే వేళయిందని లెక్క కట్టుకోవచ్చు. కిటికీలు చూడబోతే చిన్నవి, కొన్నిళ్లలో అసలు లేవు. వీధి వైపు ఒక వాకిలి, దొడ్డి వైపు ఒక వాకిలి. పక్కలకు ముడుచుకుని పైకి తెరుచుకున్న ఇల్లది. వడగాలి అడ్డంగా వస్తుంది, వేడి నిలువుగా పోతుంది అనే సంగతి ఆ గోడలు కట్టినవాళ్లకు ఏ ఇంజినీరూ చెప్పలేదు.

తర్వాత సిమెంటు వచ్చింది, గదులు వచ్చాయి. ఎద్దులు కొట్టంలోకి పోయాయి, ఆ తర్వాత ఊళ్లోంచే పోయాయి. కొత్త జంటకు తలుపున్న గది కావాలి, చదువుకునే పిల్లకు బల్ల వేసుకునే మూల కావాలి, అల్లుడొస్తే కూచోబెట్టడానికి హాలు కావాలి. గది అంటే మర్యాద, గది అంటే ఇంత సంపాదించామన్న గుర్తు. చిట్టీలు కట్టి, బ్యాంకు లోను తీసుకుని ఒక్కో గోడా లేపిన ఆ తరం ఇంకా బతికే ఉంది. ఇప్పుడు కూల్చమంటున్నది వాళ్ల పిల్లలు. సలహా చెప్పేవాళ్లు ఈ సంగతి మరిచిపోకూడదు.

ఫోటోల్లోని ఆ ఇల్లు ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూడాలి. అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే ఆర్కిటెక్టు షికాగోలో 1910 నాటికి పూర్తిచేసిన రోబీ ఇంట్లో, కూర్చునే చోటుకూ భోజనం చేసే చోటుకూ మధ్య గోడ లేదు, నడుమ ఒక నెగడు, దాని పొగగొట్టం మాత్రమే ఉన్నాయి. చలిదేశంలో ఒక్కో గదికి ఒక్కో నెగడు ఉన్నన్నాళ్లూ తలుపులు మూసుకోక తప్పలేదు. ఇంటికంతటికీ ఒకేచోటి నుంచి వెచ్చదనం పంపే ఏర్పాట్లు వచ్చాకే గోడలు తీసే ధైర్యం వచ్చింది. 1914లో లె కార్బూజియే అనే ఆర్కిటెక్టు ఇంకో అడుగు వేసి, కాంక్రీటు పలకలు, వాటిని మోసే స్తంభాలు, ఒక మెట్ల వరస తప్ప మరేమీ లేని ఇంటి బొమ్మ గీశాడు. గోడలు ఎక్కడ కావాలంటే అక్కడ, వద్దంటే లేదు. మన చండీగఢ్‌కు రూపమిచ్చింది తర్వాతి రోజుల్లో ఈయనే. అయితే 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మార్గరెటె షూటె లిహోట్‌స్కీ అనే మహిళా ఆర్కిటెక్టు సరిగ్గా దీనికి ఎదురు పని చేసింది. వంటింటిని రెండు మీటర్ల లోపు వెడల్పు, మూడున్నర మీటర్ల లోపు పొడవు ఉన్న చిన్న గదిగా కుదించి, అందులో ప్రతి డబ్బా చేతికందేలా అమర్చి, హాలు వైపు జరిపే తలుపు పెట్టింది. కార్మికుల ఇళ్లలో అలాంటివి పదివేల దాకా కట్టారు. అంటే పడమటి దేశాలు కూడా ఈ విషయంలో ఒక మాట మీద లేవు.

కర్నూలు చూసిన అతిపెద్ద ఓపెన్ ప్లాను మాత్రం 1953 నాటిది. ఆ అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యాక కట్టడాలు చాలక ప్రభుత్వ కార్యాలయాలకు గుడారాలు వేశారు. మూడేళ్లకు రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. గోడలు లేకపోవడమే కారణమని ఎవరూ అనలేదు లెండి.

ఇక మేస్త్రీ సుత్తె దగ్గరికి వద్దాం. ఇళ్లు రెండు రకాలు. పిల్లర్లు వేసి కట్టినవి ఒక రకం, గోడల మీదే స్లాబు పోసినవి ఇంకో రకం. పిల్లర్ల ఇంట్లో బరువు బీముల మీదుగా పిల్లర్లలోకి, అక్కణ్ణుంచి పునాదిలోకి దిగుతుంది. మధ్య గోడలు తెరల్లాంటివి, తీసినా ఇల్లు నిలబడుతుంది. గోడల మీద స్లాబు పోసిన ఇంట్లో మాత్రం ప్రతి తొమ్మిదంగుళాల గోడ నెత్తినా మూట ఉంటుంది. 1980ల నాటి ఒంటి అంతస్తు ఇళ్లు చాలామటుకు ఈ రెండో రకమే. పూతతో కలిపి పదంగుళాలు దాటిన గోడ బరువు మోస్తున్నదనే అనుకోవాలి. రాతిగోడైతే అనుమానమే అక్కర్లేదు. నాలుగున్నర అంగుళాల గోడను చూసి ధీమాపడటానికీ లేదు. కట్టిన నాడు అది ఒట్టి తెరే కావచ్చు, ఈ నలభై ఏళ్లలో పైనున్న స్లాబు రవ్వంత వంగి దాని మీద కూర్చుని ఉండొచ్చు. సుత్తెతో తడితే గోడ బోలుదో గట్టిదో తెలుస్తుందేమో గానీ, దాని తల మీద ఏముందో తెలియదు.

ఇక్కడ కాస్త ఆగి చూడాల్సిన లెక్క ఒకటుంది. పదకొండేసి అడుగుల గదులు రెండు పక్కపక్కన ఉన్నాయి, నడుమ గోడ ఉంది. ఆ గోడ తీసేస్తే స్లాబు ఒక్కసారిగా ఇరవై రెండడుగుల మేర కింద ఏ ఆసరా లేకుండా నిలవాలి. దూరం రెట్టింపైతే దాన్ని వంచే బలం నాలుగింతలవుతుంది. అది ఒక ఎత్తు, కడ్డీల సంగతి ఇంకో ఎత్తు. గోడ మీదుగా సాగిపోయే స్లాబులో, సరిగ్గా ఆ గోడ నెత్తిన, కడ్డీలను క్రాంకు కొట్టి పైకి లేపుతారు. అక్కడ స్లాబు పైభాగం సాగుతుంది కాబట్టి కడ్డీ బలం పైన ఉండాలి. గోడ తీసేశాక అదే చోటు స్లాబుకు నట్టనడుమ అవుతుంది, సాగేది కిందిభాగం అవుతుంది. కడ్డీలేమో పైన ఉండిపోయాయి. స్లాబు ఆ రోజే కూలకపోవచ్చు. ముందు పూతలో వెంట్రుకంత చీలిక కనపడుతుంది, రంగు వేయిస్తారు. మరుసటి ఏడు చీలిక మళ్లీ కనపడుతుంది.

కాబట్టి గోడ పోతే దాని స్థానంలోకి దూలం రావాలి, ఇనుప గర్డరో కాంక్రీటు బీమో. పద్నాలుగు అడుగుల తెరుపుకు దాని లోతు అడుగుకు తక్కువ కాదు. అది పైకప్పు కింద అంతమేరా వేలాడుతుంది. ఆ దూలం కనపడకూడదని ఫాల్స్ సీలింగు కడతారు. సీలింగు కిందికి దిగితే ఫ్యాను దిగుతుంది, ఫ్యాను దిగితే పైనుండే వేడిగాలి మనిషి నెత్తికి దగ్గరవుతుంది. పని చేసేటప్పుడు గోడకు రెండు వైపులా జాకీలు పెట్టి స్లాబును ఎత్తి పట్టాకే తొలి ఇటుక కదలాలి. కాంక్రీటు బీము పోస్తే, ఆరు మీటర్ల లోపుదానికి కింది ఆనికలు 14 రోజులు, అంతకు మించినదానికి 21 రోజులు ఉంచాలని ఐఎస్ 456 అనే భారత ప్రమాణం చెబుతుంది. పదో రోజున గృహప్రవేశం పెట్టుకున్నామని వాటిని లాగేయకూడదు. ఏ గోడ తీయొచ్చో చెప్పాల్సింది స్ట్రక్చరల్ ఇంజినీరు, తీసి చూపించాల్సింది మేస్త్రీ. మొదటి మనిషి ఫీజు దండగనుకుని రెండో మనిషి మీద ఆ భారం కూడా వేయడం మేస్త్రీకే అన్యాయం. అపార్ట్‌మెంటైతే కింద పైన ఉన్నవాళ్ల కప్పులతో ముడిపడిన వ్యవహారం, సంఘాన్ని అడగకుండా ముట్టుకోకపోవడం మేలు.

కర్నూలు పాతబస్తీ ఇళ్లకు ఇంకో లెక్క ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చాయి. ఆ నీళ్లలో నానిన గోడలు ఇప్పటికీ అక్కడ నిలబడే ఉన్నాయి, రంగులు కూడా వేసుకున్నాయి. అడుసు పెట్టి కట్టిన రాతిగోడలో లోపలి మట్టి కరిగి జారిపోయినా పైన సిమెంటు పూత నున్నగానే కనపడుతుంది. పూత ఒకచోట చెక్కి, రాళ్ల సందులో మేకు గుచ్చి చూడాలి. మేకు వేలితో నెడితేనే లోపలికి పోతున్నదంటే ఆ ఇంట్లో ఓపెన్ కిచెన్ మాట పక్కనపెట్టి ఉన్న గోడను బాగుచేసుకోవడం మొదటి పని.

ఇల్లు నిలబడుతుంది సరే, ఎండ మాటేమిటి? మే నెలలో కర్నూలు, కడప 42, 43 డిగ్రీలు చూడటం మామూలే. కాంక్రీటు స్లాబు ఐదంగుళాలు. పొద్దున మొదలుపెట్టిన ఎండ సాయంత్రానికి దాన్ని దాటి లోపలికి వచ్చేస్తుంది, తొమ్మిదింటికి అరచేయి ఆనిస్తే పైకప్పు పెనంలా తగులుతుంది. మట్టి మిద్దె ఆ వేడిని రాత్రి దాకా దారిలోనే ఆపేది. నేషనల్ బిల్డింగ్ కోడులో ఒక ఆసక్తికరమైన తేడా ఉంది. ఉక్కపోతగా ఉండే వేడి ప్రాంతాల్లో గది నేలలో ఆరో వంతు మేర కిటికీల తెరుపు ఉండాలంటుంది. పొడిగా ఉండే వేడి ప్రాంతాలకు పదో వంతు చాలంటుంది. కోస్తాలో గాలి ఎంత ఆడితే అంత సుఖం. ఇక్కడ మిట్టమధ్యాహ్నం ఆడే గాలి కొలిమి గాలి. మన ముసలివాళ్లు పదిన్నరకల్లా కిటికీలు మూసి, వాకిలికి తడిపిన గోనెపట్టా కట్టి, సూర్యుడు వాలాక తెరిచేవాళ్లు. ఇల్లంతా ఒకే గదిగా మార్చినప్పుడు పడమటి గోడ కాలితే ఆ కాక తూర్పు గోడ దాకా నడుచుకుంటూ వస్తుంది, మధ్యలో మూసే తలుపు ఉండదు.

చల్లదనం ఎలా తెచ్చుకుంటారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. కూలర్ వాడే ఇంటికి తెరుపు మంచిదే. గాలి పొడిగా ఉన్న ఏప్రిల్, మే నెలల్లో కూలర్ ఇక్కడ పనిచేసినట్టు నెల్లూరులో పనిచేయదు. అయితే ఒక కిటికీలోంచి తోసిన తడిగాలికి అవతలి పక్క బయటికి దారి ఉండాలి, లేకపోతే గంటలో ఇల్లు చెమ్మగిల్లి చెమట పడుతుంది. హాలు నుంచి దొడ్డి వాకిలి దాకా అడ్డు లేని ఇల్లు దానికి సరిగ్గా సరిపోతుంది. నీళ్లు మాత్రం తాగుతుంది, రోజు విడిచి రోజు కొళాయి వచ్చే వీధుల్లో అది చిన్న మాట కాదు. ఏసీకి లెక్క తిరగబడుతుంది. ఏసీ కోరేది మూత. నూట ముప్పై చదరపు అడుగుల హాలుకు ఒక టన్ను ఏసీ పెట్టుకున్నవాళ్లు, నడిమి గదినీ వంటింటినీ అందులో కలిపి మూడువందల అరవై అడుగులు చేస్తే రెండున్నర, మూడు టన్నులు కావాలి. పైగా అందులోనే రెండు పొయ్యిలు మండుతుంటాయి. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నియమం పెట్టారు. పొయ్యి పక్కన కూర్చున్న ఏసీకి ఆ 24 అందని ద్రాక్షే.

పొయ్యి మాట వచ్చింది కాబట్టి ఫ్యాను సంగతి. ఆర్కిటెక్టుల పుస్తకాల్లో ఇది ఎందుకు రాయరో గానీ, ఓపెన్ కిచెన్ పెట్టుకున్న ప్రతి ఇంట్లో మొదటి గొడవ దీని గురించే. హాల్లో ఫ్యాను తిరిగితే గ్యాసు మంట పక్కకు పడుకుంటుంది, పాలు కాగవు, ఒక్కోసారి సిమ్ములో ఉన్న మంట ఆరిపోతుంది. గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది. ఎల్పీజీ గాలి కంటే బరువు, పైకెక్కి పోదు, నేలబారున పరుచుకుంటుంది. వంటింటి గోడకు కిందివైపు పెట్టే జల్లెడ కన్నం అందుకే. ఏసీ కోసం అన్నీ బిగించిన హాల్లో ఆ కన్నం ఎక్కడుంటుంది? మంట కోసం ఫ్యాను ఆపితే హాల్లో కూర్చున్న బావగారు విసనకర్ర అడుగుతారు. దీనికి ఉపాయం ఫ్యాను స్థానం మార్చడం, పొయ్యిని గాలి తగలని మూలకు జరపడం. గోడ పడ్డాక కాదు, నక్షాలోనే.

తాళింపు ఇంకో అధ్యాయం. ఫోటోల్లోని ఓపెన్ కిచెన్లలో ఉడికించడం, బేకింగు ఎక్కువ. ఇక్కడ కాగే నూనెలో ఎండుమిరపకాయలు పడతాయి. ఉగ్గానికి మిరపకాయ బజ్జీలు వేయాలి, కారం దోశ మీదికి ఎర్రకారం నూరాలి, నాటుకోడి పులుసుకు మసాలా వేయించాలి. ఘాటు తగిలిందంటే వాకిట్లో ఉన్నవాడికి కూడా దగ్గు వస్తుంది. అది సోఫా గుడ్డల్లో, కర్టెన్లలో, బీరువాలోని పట్టుచీరల్లో దూరి నెలల తరబడి కాపురముంటుంది. చిమ్నీ ఉందిగా అంటారు. చిమ్నీ రెండు రకాలు. గొట్టం గోడలోంచి బయటికి పోయేది ఒకటి, గాలిని బొగ్గు జల్లెడలో వడగట్టి మళ్లీ లోపలికే వదిలేది ఇంకొకటి. రెండోది జిడ్డును కొంత పడుతుంది గానీ వేడిని బయటికి పంపదు. పక్కిళ్లు ఆనుకుని ఉన్న వీధుల్లో గొట్టం పంపడానికి బయటి గోడే దొరకదు. అప్పుడు పైకే పోవాలి, స్లాబుకు రంధ్రం కొట్టి మిద్దె మీదికి. జేజినాయన గవాచి మళ్లీ అదే చోటికి వచ్చి కూర్చుంటుంది, ఈసారి స్టీలు గొట్టం రూపంలో.

చప్పుడు గురించి క్లుప్తంగా. కింద కడప బండ, చుట్టూ సిమెంటు పూత, పైన స్లాబు. ఏదీ శబ్దాన్ని మింగదు, అన్నీ తిప్పికొడతాయి. మిక్సీ తిరుగుతుంటే టీవీ పెంచుతారు, టీవీ పెరిగితే ఫోనులో మాట్లాడేవాడు గొంతు పెంచుతాడు. ప్రవేశ పరీక్షకు చదివే పిల్ల ఉన్న ఇంట్లో ఆ రెండేళ్లూ సుత్తె ఎత్తకపోవడమే నయం.

మనుషుల మధ్య ఉండే తెరలు వేరు. కర్నూలు, కడప రెండూ నవాబుల ఏలుబడి చూసిన ఊళ్లు. ఆడవాళ్లు బయటి మగవాళ్ల ఎదుటికి రాని పద్ధతి పాటించే ముస్లిం కుటుంబాలు ఎన్నో ఇక్కడ ఉన్నాయి. హాలుకూ లోపలికీ మధ్య గోడ ఆ ఇళ్లలో ఇంటి ఆడవాళ్లకు దొరికే స్వేచ్ఛ. గోడ ఉంటేనే వాళ్లు నిమ్మళంగా నవ్వుకుంటూ పని చేసుకుంటారు. హిందూ ఇళ్లలో మాత్రం? పూజగదిలో నైవేద్యం పూర్తయ్యేదాకా వంటింట్లోకి ఎవరినీ రానివ్వని అవ్వలు ఉన్నారు. గిన్నెలు తోమే పని మిగిలి ఉండగా చుట్టం వస్తే తలుపు దగ్గరకు వేసి హాల్లోకి నవ్వుతూ వచ్చే సౌకర్యం ఎంత గొప్పదో తలుపు పోయాకే తెలుస్తుంది. ఓపెన్ కిచెన్ ఎప్పుడూ సర్ది ఉండాలి. ఎప్పుడూ సర్దేది ఎవరన్నది ఆ ఇంటి లెక్క.

గోడ తీయడానికి ఇంకో ముఖం కూడా ఉంది, అది చెప్పకపోతే తప్పు. నడిమి గది చీకట్లో, వంటింటి వేడిలో ఒంటరిగా బతుకంతా గడిపిన తల్లులు ఈ ఊళ్లలో ఎందరో. పండక్కి అందరూ హాల్లో కబుర్లాడుతుంటే గోడ అవతల ఓళిగలు కాల్చేది ఒక్కతే. గోడ తీస్తే ఆమెకు మాటలు వినపడతాయి, ఆమె చేస్తున్న పని మిగతావాళ్లకు కనపడుతుంది. చేతిసాయం చేయనివాడు కనీసం ఆ సిగ్గుతోనైనా లేచి ప్లేట్లు సర్దుతాడు. మోకాళ్ల నొప్పులతో వాకరు పట్టుకుని నడిచే పెద్దవాళ్లున్న ఇంటికి గడపలు, ఇరుకు తలుపులు తగ్గితే నిజంగా ఉపకారం. పాకే పిల్లాడి మీద వంట చేస్తూనే ఒక కన్ను వేసి ఉంచొచ్చు. అరవై గజాల ఇంట్లో మూడు గోడలు ఉంటే ఆ గోడల మందమే ఒక మంచమంత చోటు తినేస్తుంది. పిల్లర్ల ఇల్లై, రెండు చివరలా గాలికి దారి ఉండి, చిమ్నీ గొట్టానికి బయటి గోడ దొరికి, ఇంట్లో ముగ్గురు నలుగురే ఉంటే గోడ తీయడానికి భయపడాల్సిన పనిలేదు. ఈ నాలుగింటిలో రెండు లేకపోయినా మళ్లీ ఆలోచించాలి.

చాలా ఇళ్లకు కావాల్సింది నిజానికి గోడ మొత్తం పోవడం కాదు, నడిమి గదికి వెలుతురు. దానికి స్లాబులో రెండడుగుల చదరం కోసి, చుట్టూ గట్టు కట్టి, మందపాటి గాజు వేసి, పక్కల గాలి పోయే జల్లెడ పెట్టొచ్చు. అక్కడి కడ్డీలు చూసి చేయాల్సిన పనే, అయినా గోడ తీయడమంత తంటా లేదు. వంటింటి గోడలో నడుము ఎత్తు నుంచి నాలుగడుగుల వెడల్పున వడ్డన కిటికీ కొట్టి, దాని కింద నల్లటి కడప బండ గట్టు వేస్తే కంచాలు అటునుంచి ఇటు వస్తాయి, మాటలు ఇటునుంచి అటు పోతాయి. తాళింపు వేసేటప్పుడు రెక్క మూసుకోవచ్చు. పైన లింటెలు సరిగా వేస్తే గోడ తన మూట తాను మోసుకుంటూనే ఉంటుంది. సంప్రదాయ జపాను ఇళ్లలో కాగితపు తలుపులు పక్కకు జరిపి పగలు ఒక గది, రాత్రి రెండు గదులు చేసుకుంటారు. మడిచే తలుపులు మన వడ్రంగులకూ తెలిసినవే.

గోడ తీసేవాళ్లకు చివరగా ఎదురయ్యేది నేల. ఇటుకలు ఎత్తేశాక గోడ ఉన్నచోట తొమ్మిదంగుళాల వెడల్పున బండ లేని మట్టి చార ఒకటి బయటపడుతుంది. అటు హాల్లో ఒక రంగు, ఇటు వంటింట్లో ఒక రంగు. బేతంచెర్ల నుంచి నలభై ఏళ్ల కిందట తెచ్చిన నాపరాయికి సరిపోయే ఛాయ ఇప్పుడు ఏ పాలిషింగ్ యూనిట్లోనూ దొరకదు. దొరికినా పాతది పాదాల కింద అరిగి మెరిసినట్టు మెరవదు. మేస్త్రీలు దానికి వేసే మందు నల్ల కడప బండ పట్టీ. ముంబయిలో, మద్రాసులో ఇళ్లవాళ్లు కడప్పా అని పిలిచి వంటగట్లకు, అరలకు వాడుకునే రాయే అది. కడప పేరే గడప నుంచి వచ్చిందని నానుడి. తిరుమలకు పోయేవాళ్లకు దేవుని కడప గుడి తొలి గడప. ఉగాది నాడు ముస్లింలు కూడా ఆ గుడికి వస్తారు. అలాంటి ఊళ్లో ఇంటి గోడ పోయినా, నేలలో నల్లటి గడప ఒకటి మిగిలిపోతుంది. అలవాటైన కాలు అక్కడికి రాగానే కొన్నాళ్లపాటు దానంతటదే కొంచెం పైకి లేస్తుంది.

మొదట చెప్పుకున్న ఇంట్లో చర్చ ఎటూ తెగలేదు. ఉపాయం అమ్మకే తట్టింది. ముందు వంటింటి తలుపు రెక్కలు ఊడదీసి పెట్టండి, మే నెల ఇట్లనే ఉండి చూద్దాం అంది. కొడుకు చెప్పిన కొత్త వంటగట్టు ఎక్కడిదాకా వస్తుందో ముగ్గుపిండితో నేల మీద గీతలు వేసింది. ఫ్రిజ్ ఎక్కడో, సింకు ఎక్కడో, గూళ్లకు బదులు కొడుకు బిగిస్తానన్న అరలు ఎక్కడో అన్నీ గీసింది. మొదటి రోజే తెలిసింది, ఫ్రిజ్ తలుపు పూర్తిగా తీస్తే గట్టు గీత దాటి వస్తున్నదని. గీత తుడిచి జానెడు వెనక్కి వేసింది. రెండో వారం చుట్టాలొచ్చారు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, పాలు కాగడానికి ఇరవై నిమిషాలు పట్టింది, నాయన లేచి ఫ్యాను ఆపి వచ్చాడు. అయితే ఆ రోజు ఆమె వంటింట్లోంచే హాల్లో మాటలకు నాలుగుసార్లు జవాబు చెప్పింది, ఒకసారి గట్టిగా నవ్వింది కూడా.

మేస్త్రీ ఇప్పటికి రెండుసార్లు ఫోను చేశాడు. ముగ్గుపిండి గీత మూడోసారి చెరిగి కొత్తచోట పడింది. తలుపు రెక్కలు ఇంకా మిద్దె మీదే ఉన్నాయి, నీళ్ల ట్యాంకు నీడన, గోడకు ఆనించి.